పొడిరంగుల విద్య: 18వ శతాబ్ది ఐరోపాలో పాస్టెల్ చిత్రకళాభ్యాసం

వ్యాససంగ్రహం

18వ శతాబ్ది ఐరోపాలో మెత్తని పాస్టెల్ కడ్డీలతో రూపచిత్రాలు వేసే పద్ధతి విశేష ఆదరణ పొందింది. చిత్రకళా చరిత్రకారులు ఈ ఆదరణను సాధారణంగా రాజాస్థానాల అభిరుచిగా, అలంకారప్రియత్వంగా వివరిస్తారు. ఆ విద్యను ఎవరు, ఎక్కడ, ఏ మార్గాన నేర్చుకున్నారన్న ప్రశ్న వెనుకబడిపోయింది. వెనిస్, పారిస్, లండన్ నగరాలకు చెందిన చిత్రకారుల జీవితాలు ఆధారంగా, పాస్టెల్ విద్య గురుముఖం, రహస్యం, గ్రంథం అనే మూడు మార్గాల్లో సాగిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అకాడమీ తరగతులకు దూరమైన స్త్రీలకు ఈ మాధ్యమం ప్రవేశమార్గమైన తీరును, ఆ మార్గానికి సంస్థలు విధించిన హద్దులను చర్చిస్తుంది.

కీలకపదాలు: పాస్టెల్, రూపచిత్రం, గురుశిష్య పరంపర, అకాడమీ, రోజాల్బా కరియేరా, లా తూర్, జాన్ రస్సెల్, లబీయ్-గియార్.

1. ఉపోద్ఘాతం

ఒక కళ చరిత్రను రెండు విధాలుగా రాయవచ్చు. పూర్తయిన కళాఖండాలను కాలక్రమంలో పేర్చి శైలీభేదాలను వివరించడం మొదటి విధం. ఆ కళ ఒక చేతి నుండి మరొక చేతికి ఎలా అందిందో అన్వేషించడం రెండవది. మన సాహిత్య చరిత్రలో గురుముఖతః నేర్చిన విద్యకు, లక్షణగ్రంథం చదివి నేర్చిన విద్యకు మధ్య ఉన్న తేడా సుపరిచితమే. చిత్రకళకూ ఈ విభజన వర్తిస్తుంది. ముఖ్యంగా పాస్టెల్ విషయంలో ఇది మరింత ప్రయోజనకరం. ఎందుకంటే తైలవర్ణ చిత్రకళకు శతాబ్దాలుగా వృత్తిసంఘాలు, కార్ఖానాలు, ఆపై అకాడమీలు ఆలంబనగా ఉన్నాయి. పాస్టెల్‌కు అంతటి వ్యవస్థ ఏర్పడలేదు. ఆ విద్య అధికంగా ఇళ్లలోనే పెరిగింది.

పాస్టెల్ అన్న పేరు ముద్ద అనే అర్థమున్న ఇటాలియన్ పదం నుండి వచ్చింది. రంగు సుద్దలతో గీసే అలవాటు ఐరోపాలో అంతకుముందే ఉంది. 17వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లో రొబేర్ నాంతోయ్ వంటివారు పాస్టెల్‌తో రూపచిత్రాలు వేశారు. 1701లో జొసెఫ్ వీవియెన్ పారిస్ రాజ అకాడమీలో పాస్టెల్ చిత్రకారునిగానే సభ్యత్వం పొందాడు. అయినా ఈ మాధ్యమం ఐరోపా అంతటా వ్యాపించడానికి వెనిస్‌కు చెందిన ఒక స్త్రీ కారణమైంది.

2. ద్రవ్యస్వభావం, అభ్యాసంపై దాని ప్రభావం

పాస్టెల్ విద్యను అర్థం చేసుకోవాలంటే ముందుగా కడ్డీ స్వభావం తెలియాలి. మెత్తని పాస్టెల్ కడ్డీలో రంగుపొడి, సుద్ద లేదా తెల్లమన్ను వంటి పూరకం, వాటిని కలిపి నిలిపే కొద్దిపాటి బంక ఉంటాయి. మెత్తగా నూరిన రంగును బంకనీటితో ముద్దచేసి, భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి తెలుపును క్రమంగా పెంచుతూ కలిపి, అరచేతితో కడ్డీలుగా చుట్టి ఆరబెడతారు. బంక ఎక్కువైతే కడ్డీ గట్టిపడి కాగితాన్ని గీరుతుంది. తక్కువైతే వేళ్ల మధ్యనే పొడిగా రాలిపోతుంది. అన్ని రంగులకూ ఒకే పాళ్ల బంక సరిపోదు. అందువల్ల కడ్డీల తయారీయే ఒక ప్రత్యేక విద్య.

ఈ స్వభావం నుండి అభ్యాసానికి సంబంధించిన మూడు ఫలితాలు కలుగుతాయి.

మొదటిది రంగుల కలయిక. తైలవర్ణ చిత్రకారుడు తనకు కావలసిన ఛాయను పలకపై అప్పటికప్పుడు కలుపుకుంటాడు. పాస్టెల్ చిత్రకారునికి ఆ ఛాయలు ముందే కడ్డీల రూపంలో సిద్ధంగా ఉండాలి. ముఖంపై నీడ మెల్లగా వెలుగులోకి మారే చోట ఏ కడ్డీ తరువాత ఏ కడ్డీ తీసుకోవాలో కంటికి వెంటనే తోచాలి. రంగులపెట్టెలోని అమరికను జ్ఞాపకంలో నిలుపుకోవడం విద్యార్థికి తొలిపాఠం.

రెండవది స్పర్శ. కాగితపు నూగుపై పొడి నిలిచేది ఒత్తిడిని బట్టి. రెండు ఛాయలను కలపడానికి వేలే కుంచె. అయితే వేలితో అతిగా రుద్దితే నూగు అణిగిపోయి, రంగు తేజస్సు కోల్పోయి, చిత్రం మసకబారుతుంది. ఎక్కడ రుద్దాలో, ఎక్కడ గీతను గీతగానే వదలాలో తెలియడమే ఈ విద్యలోని కీలకం.

మూడవది సౌకర్యం. ఆరవలసిన నూనె లేదు, ఘాటైన వాసన లేదు. పనిని ఏ క్షణంలోనైనా ఆపి, మరునాడు అక్కడి నుండే కొనసాగించవచ్చు. పెద్ద కార్ఖానా గాని, రంగులు నూరే సహాయకులు గాని లేకుండా ఇంటిలో ఒక కిటికీ పక్కన కూర్చుని సాధన చేయవచ్చు. ఎదుట కూర్చునేవారికి కూడా ఎక్కువసేపు ఓపిక పట్టవలసిన అవసరం తగ్గింది. ఈ మూడవ ఫలితమే పాస్టెల్ సామాజిక చరిత్రను నిర్ణయించింది.

3. గురుముఖం: ఇల్లే పాఠశాల

రోజాల్బా కరియేరా 1673లో వెనిస్‌లో జన్మించింది. తల్లి లేసు అల్లే పనితో కుటుంబానికి తోడ్పడేది. రోజాల్బా తొలిరోజుల్లో ముక్కుపొడుం భరిణెల మూతల కోసం దంతపు పలకలపై సూక్ష్మచిత్రాలు వేసింది. 1705లో రోమ్‌లోని సెయింట్ లూక్ అకాడమీ ఆమెకు సభ్యత్వమిచ్చింది. క్రమంగా పాస్టెల్ రూపచిత్రాలు ఆమె ప్రధాన వృత్తి అయ్యాయి. వెనిస్‌కు వచ్చే ఐరోపా యాత్రికులు ఆమె చేత రూపచిత్రాలు వేయించుకునేవారు.

1720లో సంపన్న కళాసేకర్త పియేర్ క్రోజా ఆహ్వానంపై ఆమె పారిస్ వెళ్లింది. బాలుడైన 15వ లూయీ రూపచిత్రం వేసింది. అదే ఏడాది రాజ అకాడమీ ఆమెను సభ్యురాలిగా స్వీకరించింది. అక్కడి అనుభవాలను ఆమె దినచర్యగా రాసుకుంది. ఆమె మరణించిన చాలాకాలానికి, 1793లో అది ముద్రణ పొందింది. ఆమె పర్యటన తరువాత పారిస్‌లో పాస్టెల్ రూపచిత్రాలకు గిరాకీ బాగా పెరిగింది. సాక్సనీ పాలకుడు 3వ అగస్టస్ ఆమె చిత్రాలను 150కి పైగా సేకరించి డ్రెస్డెన్‌లో ప్రత్యేకంగా ఒక గదిలో ఉంచాడు.

ఈ విజయగాథ వెనుక ఉన్న బోధనాపద్ధతి ప్రస్తుత చర్చకు ముఖ్యం. రోజాల్బా పనిస్థలం ఆమె ఇల్లే. చెల్లెలు జోవన్నా ఆమెకు సహాయకురాలు. ఫెలిచీతా సార్తోరీ అనే యువతి ఆ ఇంటిలోనే ఉండి విద్య నేర్చి, అనంతరం డ్రెస్డెన్ ఆస్థానానికి చిత్రకారిణిగా వెళ్లింది. గురువు వద్ద నివసిస్తూ, పనిలో పాలుపంచుకుంటూ, చూస్తూ నేర్చుకునే ఈ విధానం మన గురుకుల పద్ధతిని గుర్తుకు తెస్తుంది. ఒక ముఖ్యమైన భేదం మాత్రం ఉంది: ఇక్కడ గురువు, శిష్యులు స్త్రీలు. నాటి చిత్రకార కార్ఖానాలలో ఇది అరుదైన పరిస్థితి.

పారిస్‌లోనూ ఇంటి చదువుకు ఉదాహరణలున్నాయి. ఎలిజబెత్ విజే ల బ్రన్ తండ్రి లూయీ విజే పాస్టెల్ చిత్రకారుడు. ఆమె తొలిపాఠాలు తండ్రి వద్దనే నేర్చింది. ఆమెకు 12 ఏళ్ల వయసులో ఆయన మరణించాడు. అప్పటికే పట్టుబడిన ఆ విద్య ఆమె వృత్తిజీవితానికి పునాది అయింది.

4. రహస్యం: స్థిరీకరణ సమస్య

పాస్టెల్‌కు ఉన్న పెద్ద లోపం దాని నిలకడలేమి. చిత్రంపై ఉన్నది పొడి మాత్రమే. తాకితే చెరుగుతుంది, అదిరితే రాలుతుంది. అందుకే పాస్టెల్ చిత్రాలను అద్దం వెనుక భద్రపరచేవారు. ఈ లోపాన్ని తొలగించడానికి చిత్రంపై ఏదైనా ద్రవం చిలికి పొడిని స్థిరపరచాలన్న ప్రయత్నాలు శతాబ్ది పొడవునా సాగాయి.

ఇందులోని చిక్కు పాస్టెల్ సౌందర్యంలోనే ఉంది. తైలవర్ణంలో రేణువులను నూనె చుట్టివేస్తుంది. పాస్టెల్‌లో రేణువుల మధ్య గాలి ఉంటుంది. వాటిపై పడిన వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరి మెత్తని కాంతిగా కనిపిస్తుంది. స్థిరీకరణ ద్రవం ఆ ఖాళీలను పూరించినప్పుడు వెలుతురు చెదరడం తగ్గి రంగు ముదురుతుంది. అంటే చిత్రాన్ని కాపాడే ప్రయత్నమే దాని కాంతిని హరించే ప్రమాదం ఉంది.

1753లో ఆంత్వాన్ జొసెఫ్ లొరియో తాను కనుగొన్న స్థిరీకరణ పద్ధతిని పారిస్ అకాడమీ ముందు ప్రదర్శించాడు. పద్ధతిని ప్రదర్శించాడే గాని అందులోని మర్మాన్ని వెల్లడించలేదు. ఆ రహస్యం బహిరంగమయ్యేసరికి 1780 వచ్చింది. ఈ మధ్యకాలంలో పాస్టెల్ నేర్చినవారికి తమ చిత్రాలను స్థిరపరచుకోవాలంటే ఆ మర్మం తెలిసినవారిని ఆశ్రయించడమో, సొంతంగా ప్రయోగాలు చేసుకోవడమో తప్ప వేరే దారి లేకపోయింది.

మోరిస్ కాంతెన్ ద లా తూర్ (1704–1788) రెండవ దారి పట్టాడు. ఫ్రాన్స్‌లో పాస్టెల్‌ను అత్యున్నత స్థాయికి చేర్చినవాడు ఆయనే. 1755 సలోన్ ప్రదర్శనలో ఉంచిన మదామ్ ద పోంపదూర్ రూపచిత్రం సుమారు 177 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అనేక కాగితాలను అతికించి వేసిన ఆ చిత్రం, పరిమాణంలోనూ గాంభీర్యంలోనూ తైలవర్ణానికి పాస్టెల్ దీటుగా నిలవగలదని చాటింది. అంతటి సిద్ధహస్తుడు కూడా స్థిరీకరణ ప్రయోగాల వల్ల, తుదివయసులో పాత చిత్రాలను తిరగదిద్దాలన్న తపన వల్ల కొన్నింటిని చెడగొట్టుకున్నాడు. అయితే పూర్తి చిత్రానికి ముందు ముఖాన్ని మాత్రమే అధ్యయనం చేస్తూ ఆయన వేసిన సన్నాహక చిత్రాలు చాలా మిగిలాయి. స్వస్థలమైన సేన్-కాంతెన్ మ్యూజియంలోని ఈ చిత్రాలలో వేలితో కలపని గీతలు విడివిడిగా కనిపిస్తాయి. ఆయన సాధనాక్రమాన్ని పూర్తిచేసిన చిత్రాల కంటే ఇవే స్పష్టంగా తెలుపుతాయి.

లా తూర్‌లోని మరొక పార్శ్వం గమనార్హం. ఆయన తాను గడించిన ధనంతో 1782లో సేన్-కాంతెన్‌లో ఉచిత చిత్రలేఖన పాఠశాల స్థాపించాడు. వ్యక్తిగత నైపుణ్యంగా, మర్మంగా ఉన్న విద్య సార్వజనికం కావాలన్న ఆలోచన ఆ కాలంలో బలపడుతోందనడానికి ఇది నిదర్శనం.

5. గ్రంథం: రస్సెల్ పాఠ్యపుస్తకం

ఇంగ్లండ్‌లో జార్జ్ నాప్టన్ శిష్యుడు ఫ్రాన్సిస్ కోట్స్, కోట్స్ శిష్యుడు జాన్ రస్సెల్. ఇది మూడు తరాల పరంపర. 1768లో ఏర్పడిన రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యులలో కోట్స్ ఒకడు. 1770లో ఆయన మరణించాడు. పాస్టెల్‌పై ఆయన రాసుకున్న అంశాలు 1797లో గాని అచ్చు కాలేదు. ఈలోగా 1772లో రస్సెల్ ‘ఎలిమెంట్స్ ఆఫ్ పెయింటింగ్ విత్ క్రేయాన్స్’ అనే పుస్తకాన్ని ప్రచురించాడు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్లకు లోపే. నాటి ఇంగ్లీషులో పాస్టెల్ కడ్డీలనే క్రేయాన్లు అనేవారు. 1777లో ఈ పుస్తకం విస్తరించిన కూర్పుగా మళ్లీ వెలువడింది.

రస్సెల్ బోధన పూర్తిగా ఆచరణాత్మకం. దళసరి నీలి కాగితాన్ని ఎంచుకుని, దానిపైని ముడులను కత్తితో సమం చేసి, చెక్క చట్రానికి బిగించిన నారబట్టపై అతికించాలంటాడు. విద్యార్థి రంగులపెట్టెను ఒడిలో ఉంచుకుని కూర్చోవాలని, గది కిటికీల దిగువభాగాన్ని మూసి వెలుతురును పైనుండి మాత్రమే రానివ్వాలని సూచిస్తాడు. కడ్డీల తయారీని రంగు తరువాత రంగుగా వివరిస్తాడు. గురువు ఇంటిలో ఏళ్ల తరబడి ఉండి గ్రహించవలసిన వివరాలు ఒక చిన్న పుస్తకంలోకి చేరాయి.

ఈ ప్రచురణ ప్రాముఖ్యం రెండు రకాలు. ఒకటి, వృత్తి చిత్రకారుని గృహంలో ప్రవేశం లేనివారికి కూడా వృత్తి వివరాలు అందుబాటులోకి వచ్చాయి. రెండు, తన విద్యను వెల్లడించినందువల్ల రచయితకు నష్టం కలగలేదు. రస్సెల్ 1788లో రాయల్ అకాడమీ పూర్తి సభ్యుడయ్యాడు. 3వ జార్జి రాజుకు ఆస్థాన పాస్టెల్ చిత్రకారుడయ్యాడు. దాచిన మర్మంతో లొరియో సాధించలేని స్థానాన్ని వెల్లడించిన విద్యతో రస్సెల్ పొందాడని చెప్పడం తొందరపాటే అవుతుంది. ఒకరు చిత్రకారుడు, మరొకరు యంత్రనిపుణుడు. అయినా విద్యను వెల్లడించడం వృత్తికి చేటు అన్న భయానికి రస్సెల్ జీవితం ఆధారం చూపదు.

జెనీవాకు చెందిన ఝాన్-ఎతియెన్ లియొతార్ కూడా 1781లో చిత్రకళా సూత్రాలపై ఒక గ్రంథం ప్రచురించాడు. డ్రెస్డెన్‌లో ఉన్న ‘చాక్లెట్ పరిచారిక’ చిత్రంతో ప్రసిద్ధుడైన ఆయన, చిత్రంలో కుంచెజాడలు కనిపించరాదని వాదించాడు. లా తూర్ సన్నాహక చిత్రాలలోని విడి గీతలతో పోలిస్తే ఇది పూర్తిగా భిన్నమైన మార్గం. ఒకే మాధ్యమంలో ఇంతటి భేదం సాధ్యమైనప్పుడు ఏ ఒక్క గ్రంథమూ ఆ విద్యకు సమగ్ర లక్షణం చెప్పలేదు. స్పర్శకు సంబంధించినంతవరకు గ్రంథం గురువుకు ప్రత్యామ్నాయం కాలేకపోయింది.

6. అకాడమీ ద్వారం: స్త్రీలు, పాస్టెల్

ఫ్రెంచి అకాడమీ దృష్టిలో చిత్రాలకు అంతస్తులున్నాయి. పురాణ, చారిత్రక ఘట్టాల చిత్రణ అన్నిటికన్నా పైస్థాయి. రూపచిత్రం దానికి దిగువ. 1667లో ఆంద్రే ఫెలిబియాఁ ఈ క్రమాన్ని సూత్రీకరించాడు. చారిత్రక చిత్రణకు మానవదేహ నిర్మాణ పరిజ్ఞానం తప్పనిసరి. అది నగ్న నమూనాను చూసి గీసే తరగతిలోనే లభించేది. అకాడమీలోని ఆ తరగతికి స్త్రీలకు ప్రవేశం లేదు. అంటే ఒక తరగతి తలుపు మూయడం ద్వారా అత్యున్నత శాఖ మొత్తం స్త్రీలకు దూరమైంది. మిగిలిన రూపచిత్ర శాఖలో, ఇంటి వద్దనే సాధన చేయగల పాస్టెల్ వారికి సహజంగా చేరువైంది. పాస్టెల్ స్త్రీస్వభావానికి తగిన సుకుమార మాధ్యమమని నాడు వినిపించిన అభిప్రాయాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. స్వభావంగా పేర్కొన్నది వాస్తవానికి విద్యావకాశాల ఫలితం.

1770లో మరీ-స్యూజాన్ జిరూస్ట్, శిల్పి పిగాల్ రూపచిత్రాన్ని పాస్టెల్‌లో వేసి సభ్యత్వం పొందింది. అదే ఏడాది అకాడమీ స్త్రీ సభ్యుల సంఖ్యను 4కు పరిమితం చేసింది. పురుషులకు అటువంటి పరిమితి లేదు.

అదెలాయిద్ లబీయ్-గియార్ (1749–1803) విద్యాభ్యాసం ఈ చరిత్రకంతటికీ సారాంశం వంటిది. ఆమె మొదట సూక్ష్మచిత్రణను, తరువాత లా తూర్ వద్ద పాస్టెల్‌ను, ఆపై ఫ్రాన్స్వా-ఆంద్రే వాంసాన్ వద్ద తైలవర్ణాన్ని నేర్చింది. అంటే ప్రతి మెట్టుకూ వేరొక గురువును స్వయంగా వెదుక్కోవలసి వచ్చింది. ఆమె చిత్రాలలో వాంసాన్ చేయి ఉందన్న అపవాదు ప్రచారంలోకి వచ్చింది. అకాడమీ సభ్యులనే ఎదురుగా కూర్చోబెట్టి వారి రూపచిత్రాలను పాస్టెల్‌లో వేయడం ద్వారా ఆమె దానికి సమాధానమిచ్చింది. ఆమె చేతిపనికి వారే ప్రత్యక్షసాక్షులయ్యారు. వాటిలో ఒకటైన శిల్పి పజూ చిత్రం ఆమె ప్రవేశచిత్రమైంది. 1783 మే 31న ఆమె, విజే ల బ్రన్ ఇద్దరూ సభ్యులయ్యారు. దానితో 4 అనే సంఖ్య నిండింది.

1785లో ఆమె తన ఇద్దరు శిష్యురాళ్లతో కూడిన స్వీయచిత్రాన్ని తైలవర్ణంలో నిలువెత్తున వేసి సలోన్‌లో ప్రదర్శించింది. గురుస్థానంలో ఒక స్త్రీని, ఆమె వెనుక నేర్చుకుంటున్న స్త్రీలను బహిరంగంగా నిలిపిన చిత్రమది. 1790లో ఆ సంఖ్యాపరిమితిని తొలగించాలని అకాడమీలో వాదించింది. 1793లో అకాడమీయే రద్దయింది.

7. మలివయసు అభ్యాసం: షార్దాన్

పాస్టెల్ యువతీయువకులకు ప్రవేశమార్గమైనట్లే, ఒక వృద్ధ చిత్రకారునికి శరణ్యమూ అయింది. తైలవర్ణ నిశ్చలచిత్రాలకు పేరొందిన ఝాన్-సిమెయోన్ షార్దాన్ (1699–1779) మలివయసులో కంటిజబ్బుకు గురయ్యాడు. తైలవర్ణాల్లోని సీసం, బంధకద్రవ్యాలు అందుకు కారణమని చరిత్రకారులు భావిస్తారు. ఆయన 70 ఏళ్లు దాటాక పాస్టెల్ చేపట్టి 1771 సలోన్‌లో ప్రదర్శించాడు. కళ్లద్దాలతో ఉన్న 1771 నాటి స్వీయచిత్రం, కంటికి నీడనిచ్చే టోపీతో ఉన్న 1775 నాటి స్వీయచిత్రం లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో రంగులను వేలితో కలిపి నునుపు చేయకుండా, ముఖంపై పచ్చ, నీలి, ఎరుపు గీతలను పక్కపక్కనే నిలిపాడు. దూరం నుండి చూసే కన్ను వాటిని చర్మంగా కలుపుకుంటుంది. తైలవర్ణంలో అర్ధశతాబ్ది పాటు అలవడిన వర్ణజ్ఞానం కొత్త పనిముట్టుకు అనువుగా మారిన తీరు ఇందులో వ్యక్తమవుతుంది. సుమారు 100 ఏళ్ల తరువాత దెగా వంటివారి పాస్టెల్ చిత్రాలలో ఇటువంటి విడి గీతలే ప్రధాన లక్షణమయ్యాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• పాస్టెల్ ద్రవ్యస్వభావమే దాని అభ్యాసాన్ని కార్ఖానా నుండి ఇంటికి మళ్లించింది. కరియేరా గృహం, విజే కుటుంబం ఇందుకు ఉదాహరణలు.

• గురుముఖం, రహస్యం, గ్రంథం అనే మూడు మార్గాలు ఒకే కాలంలో పక్కపక్కనే సాగాయి. రస్సెల్ గ్రంథం కాగితం, కడ్డీ, వెలుతురు వంటి వివరాలను అందరికీ అందించింది. వేలి ఒత్తిడికి సంబంధించిన జ్ఞానం మాత్రం గురువు సన్నిధిలోనో, దీర్ఘసాధనలోనో లభించింది.

• అకాడమీ తరగతులు మూసుకున్న చోట పాస్టెల్ స్త్రీలకు దారి చూపింది. ఆ దారిన ఎందరు ప్రవేశించాలో నిర్ణయించే అధికారం సంస్థ చేతిలోనే మిగిలింది. నైపుణ్యం నిరూపించుకున్న తరువాత కూడా స్త్రీలు 4 అన్న అంకెను దాటలేకపోయారు.

• పాస్టెల్‌ను సుకుమార మాధ్యమంగా, తేలిక విద్యగా తక్కువచేసిన విమర్శకు మూలం మాధ్యమంలో లేదు. దానిని ఎవరు అభ్యసించారన్న దానిలో ఉంది.

అద్దం వెనుక భద్రమైన చిత్రాలు చాలావరకు రాజులవి, ధనికులవి, పేరుపొందిన చిత్రకారులవి. ఇళ్లలో సాధన చేసిన సామాన్య విద్యార్థుల కాగితాలకు అటువంటి రక్షణ దొరకడం అరుదు. అందువల్ల ఈ విద్య చరిత్రను మ్యూజియంలలోని చిత్రాలతో మాత్రమే కాక, లేఖలు, దినచర్యలు, పాఠ్యపుస్తకాల సాక్ష్యంతో కలిపి చదవవలసి ఉంటుంది.